సరిహద్దు ఊళ్ల పోస్టాఫీసు: ఏప్రిల్ నుంచి మార్చి దాకా లెక్క పట్టుకోవడం ఎలా

ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో తెలుగువాళ్లున్న పల్లెల్లో బ్రాంచ్ పోస్టాఫీసు అంటే చాలాచోట్ల ఒక చిన్న గది, ఒక బల్ల, ఒక ఇనప్పెట్టె, ఒక తేదీ ముద్ర. ఆ ఆఫీసు ఏడాదికి ఎంత తెస్తోంది, దాని మీద ఎంత ఖర్చవుతోంది అన్న లెక్క డివిజన్ ఆఫీసులో ఉంటుంది గానీ ఊళ్లో ఉండదు. ఊళ్లోనూ ఉండాలి. బ్రాంచి పోస్టుమాస్టర్లకీ (బీపీఎం), వాళ్ల సహాయకులైన అసిస్టెంట్ బ్రాంచి పోస్టుమాస్టర్లకీ (ఏబీపీఎం), ఆఫీసు నిలవాలని కోరుకునే ఊరి పెద్దలకీ, పొదుపు సంఘాలవాళ్లకీ ఆ లెక్క వేసే పద్ధతి ఇది.

ముందు ఒక అపోహ తీసెయ్యాలి. “మా బ్రాంచిలో జనం డబ్బు కోటి రూపాయలుంది, ఈ ఆఫీసుకి ఢోకా లేదు” అంటుంటారు. ఆ కోటి తపాలా శాఖ ఆదాయం కాదు. పొదుపు ఖాతాలో వేసిన ప్రతి రూపాయీ జాతీయ చిన్న పొదుపు నిధికి చేరుతుంది. 1999 ఏప్రిల్ 1న ఏర్పడిన ఆ నిధిని చూసేది కేంద్ర ఆర్థిక శాఖ. వడ్డీ కూడా అందులోంచే వస్తుంది. తపాలా శాఖ ఆ నిధి తరఫున ఖాతాలు తెరిచి, డబ్బు పుచ్చుకుని, తిరిగి ఇచ్చే పని చేస్తుంది. ఆ పనికి ఖాతాకి ఏడాదికి ఇంత అని ఆర్థిక శాఖ దగ్గర ప్రతిఫలం తీసుకుంటుంది. శాఖకి వచ్చే మొత్తం రాబడిలో అన్నిటికన్నా పెద్ద భాగం ఇదే. అంటే షావుకారి ఒక్కడి ఐదు లక్షల డిపాజిట్ ఒక ఖాతా కిందే లెక్క. పదిమంది కూలీలు ఐదేసి వందలతో తెరిచిన ఖాతాలు పది ఖాతాల లెక్క. ఆఫీసుకి బలం సొమ్ములో లేదు, నడుస్తున్న ఖాతాల సంఖ్యలో ఉంది. కింద చెప్పేదంతా ఈ మాట మీదే ఆధారపడి ఉంటుంది.

గ్రామీణ తపాలా జీవిత బీమా ప్రీమియం సంగతీ అంతే. అది బీమా నిధికి పోతుంది, శాఖ నిర్వహణ ఖర్చు మాత్రం రాబట్టుకుంటుంది. శాఖ సొంత రాబడి అనదగినవి తపాలా బిళ్లలు, స్పీడ్ పోస్టు, పార్సెల్, మనీయార్డరు కమీషను వంటివి. వీటిని ప్రభుత్వ పద్దుల్లో 1201 కింద రాస్తారు. జీతాలు, పింఛన్లు, టపా మోయించే ఖర్చు 3201 కింద వస్తాయి. దేశంలో 1.64 లక్షల పోస్టాఫీసులున్నాయి, పదింట తొమ్మిది పల్లెల్లోనే. ఇన్నిటిని నడిపే ఖర్చు సొంత రాబడిని మించిపోతుంది, ఆ లోటును కేంద్ర బడ్జెట్ భరిస్తుంది. పోస్టు కార్డునే చూడండి. అమ్మే ధర 50 పైసలు. ఆ కార్డును గడపకి చేర్చడానికి శాఖకయ్యే సగటు ఖర్చు 2016-17 నాటికే పన్నెండు రూపాయలు దాటింది. నష్టమని తెలిసి కూడా నడపడం ఈ శాఖ బాధ్యత. అయినా ఏ ఊళ్లో ఎంత నష్టం అన్నది పైవాళ్లు చూస్తూనే ఉంటారు.

మీ ఊరి లెక్క పైకి వెళ్లే దారి కూడా తెలిసి ఉండాలి. బ్రాంచి డైలీ అకౌంట్ అకౌంట్ ఆఫీసుకి, అంటే సబ్ పోస్టాఫీసుకి వెళ్తుంది. సబ్ ఆఫీసు లెక్క హెడ్డాఫీసులో కలుస్తుంది. హెడ్డాఫీసు నెలవారీ క్యాష్ అకౌంట్ ఒడిశాకైతే కటక్‌లోని తపాలా అకౌంట్స్ డైరెక్టరు ఆఫీసుకి వెళ్తుంది. సిరొంచా వైపు, దెగ్లూరు, ధర్మాబాదు వైపు మహారాష్ట్ర ఊళ్లవాళ్లకి అది నాగపూర్. మిగతా పద్ధతంతా అక్కడా ఇదే.

సొంత లెక్క వేసుకోవడం

ఒక రెండొందల పేజీల నోటుబుక్కు తీసుకోండి. ఏప్రిల్ నుంచి మార్చి దాకా నెలకో పేజీ. ప్రతి పేజీలో ఐదు గడులు చాలు: బుక్ చేసిన స్పీడ్ పోస్టులు, పార్సెళ్లు; అమ్మిన బిళ్లలు, కవర్లు; మనీయార్డరు కమీషను; కొత్తగా తెరిచిన ఖాతాలు; మూసిన, ఆగిపోయిన ఖాతాలు. స్పీడ్ పోస్టు మీద వసూలు చేసే 18 శాతం జీఎస్టీని ఈ గడుల్లో రాయకండి, అది ఆదాయం కాదు.

ఇక కొలబద్ద. కొత్త బ్రాంచి తెరవాలంటే దాని అంచనా రాబడి ఖర్చులో మామూలు పల్లెల్లో 33.33 శాతం, కొండ, గిరిజన, వెనకబడిన ప్రాంతాల్లో 15 శాతం ఉండాలన్నది శాఖ పెట్టుకున్న నియమం. నడుస్తున్న ఆఫీసు ఆరోగ్యం తెలుసుకోవడానికి కూడా ఇంతకన్నా మంచి కొలత లేదు.

ఉదాహరణకి ఒక బీపీఎం, ఒక ఏబీపీఎం, ఇద్దరూ మొదటి మెట్టు మీద ఉన్న బ్రాంచి తీసుకుందాం. మూల భత్యాలు 12,000, 10,000. 2025 జులై నుంచి కేంద్ర ఉద్యోగులకిచ్చిన 58 శాతం కరువు భత్యం లెక్కన కలిపితే నెలకి 34,760, ఏడాదికి 4,17,120 రూపాయలు. దీనిలో 15 శాతం 62,568. మూడో వంతు 1,39,040.

ఇప్పుడు రాబడి. నెలకి 30 స్పీడ్ పోస్టులు, 47 రూపాయల చొప్పున, ఏడాదికి 16,920. నెలకి పది మనీయార్డర్లు, ఒక్కోటి 2,000. కమీషను ఇరవైకి రూపాయి కాబట్టి మనీయార్డరుకి 100, ఏడాదికి 12,000. రెండూ కలిపి 28,920. కొండ ప్రాంతం కొలత అందుకోవాలన్నా ఇంకా 33,648 కావాలి. అది ఖాతాల మీద వచ్చే ప్రతిఫలంతోనే పూడాలి. ఆ ఏడాది ఖాతాకి ఎంత కడుతున్నారో ఇన్‌స్పెక్టరు గారి ఆఫీసులో అడిగి, 33,648ని ఆ రేటుతో భాగించండి. వచ్చే సంఖ్యే మీ ఊరికి కనీసం ఉండాల్సిన నడిచే ఖాతాలు. చాలా బ్రాంచుల్లో ఖాతాలు ఆ సంఖ్యకి మించే ఉంటాయి, కాకపోతే సగం నిద్రపోతుంటాయి. పని అక్కడే మొదలుపెట్టాలి.

నిద్రపోయిన ఖాతాలు

పొదుపు ఖాతాలో వరసగా మూడు ఆర్థిక సంవత్సరాలు డబ్బు వేయకపోయినా తీయకపోయినా అది నిద్రాణ ఖాతా అయిపోతుంది. వడ్డీ పడితే లావాదేవీ జరిగినట్టే అని చాలామంది అనుకుంటారు. కాదు. ఖాతాదారు చేతుల మీదుగా వేసిందీ తీసిందీ మాత్రమే లెక్క.

ఉపాధి పనుల కూలి కోసమో పింఛను కోసమో తెరిచి, తరవాత డబ్బు బ్యాంకు ఖాతాకి మళ్లడంతో వదిలేసిన పుస్తకాలు ఊరూరా ఉన్నాయి. ఇంటింటికీ టపా ఇవ్వడానికి వెళ్లినప్పుడే అడగాలి.

“అమ్మా, ఈ పుస్తకంలో చివరి ఎంట్రీ నాలుగేళ్ల కిందటిది. ఒక్కసారి మేలుకొలుపుదామా?”

“ఏటి బాబూ, డబ్బులేం పోలేదు గదా?”

“పోలేదమ్మా, వడ్డీతో సహా ఉన్నాయి. ఆధార్ కాగితం, పుస్తకం తెండి చాలు.”

పాస్‌బుక్కు, తాజా కేవైసీ కాగితాలు, ఒక దరఖాస్తు. మళ్లీ నడిపించడానికి ఇంతే కావాలి. కాగితాలు అకౌంట్ ఆఫీసుకి పంపేటప్పుడు పుస్తకం తీసుకున్నందుకు ఎస్‌బీ-28 రసీదు రాసివ్వాలి. ఖాతాదారులూ ఒక విషయం గట్టిగా పట్టుకోవాలి: రసీదు లేకుండా పాస్‌బుక్కు ఎవరి దగ్గరా ఒక్క రాత్రి కూడా ఉంచొద్దు. పల్లె పోస్టాఫీసుల్లో మోసాలు ఎక్కువగా మొదలయ్యేది పుస్తకంలో రాసి లెక్కలో ఎక్కించకపోవడంతోనే. డబ్బు కట్టిన ప్రతిసారీ యంత్రం రసీదు అడగాలి. నెలకోసారైనా 1800 266 6868కి ఫోన్ చేసి నిల్వ సరిచూసుకోవాలి.

ఈ పనికి ఇక్కడ అడ్డుపడేది పేరు. ఒడియాలో వ అనే అక్షరం బ అయిపోతుంది కాబట్టి పుస్తకంలో వెంకటరావు ఆధార్‌లో బెంకట్ రావు అవుతాడు. ఆంధ్ర వైపు పుట్టి ఇటు కాపురానికొచ్చిన ఆడవాళ్లకి పుట్టింటి ఇంటిపేరు ఒక కాగితంలో, అత్తింటిది ఇంకో కాగితంలో ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి చిన్న పొదుపు ఖాతాలకి ఆధార్ తప్పనిసరి. అంతకు ముందున్న ఖాతాలకి ఆ ఏడు సెప్టెంబర్ 30 దాకా గడువిచ్చారు. పేరు కలవక ఆధార్ ఎక్కని ఖాతాలు అక్కడే ఆగిపోయాయి. ముందు ఆధార్‌లో ఏ అక్షరాలతో ఉందో చూసి పుస్తకాన్ని దానికి తగ్గట్టు మార్పించండి. పుస్తకంలోది సరైన పేరే అయినా, ఆధార్ దిద్దించుకుని రావడం కన్నా ఇది తక్కువ తిరుగుడు. ఆధార్‌లో పుట్టిన తేదీ కూడా తప్పుంటే మాత్రం ఆధారే ముందు దిద్దించాలి.

ఇంకోరకం కూడా ఉంది, గడువు తీరాక కూడా తీసుకోని ఆర్డీలు (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్లు), టైమ్ డిపాజిట్లు, పొదుపు పత్రాలు. గడువు దాటి మూడేళ్లయినా మూయని ఖాతాలను ఏడాదికి రెండుసార్లు, జనవరి 1 నుంచీ జులై 1 నుంచీ పదిహేనేసి రోజుల్లో స్తంభింపజెయ్యాలని 2025 జులైలో ఉత్తర్వు వచ్చింది. స్తంభించాక తీయాలంటే పాస్‌బుక్కు, ఆధార్, పాన్, ఫోన్ నంబరు, ఎస్‌బీ-7ఏ ఫారం, డబ్బు పడాల్సిన ఖాతా వివరం అన్నీ పెట్టి నడిపించాలి. డిసెంబర్, జూన్ నెలల మొదటి వారంలోనే గడువు తీరిన పుస్తకాల జాబితా రాసుకుని ఆ ఇళ్లకి కబురు పెడితే ఈ తిప్పలుండవు. ఆ డబ్బును అక్కడికక్కడే కొత్త టైమ్ డిపాజిట్‌గా వేయిస్తే ఒక ఖాతా మూసినా ఇంకో ఖాతా తెరుచుకుంటుంది.

వలస వెళ్లేవాళ్ల ఆర్డీ

గంజాం నుంచి సూరత్‌కి, ఇక్కడి తెలుగు కుటుంబాల నుంచి హైదరాబాదుకీ విజయవాడకీ పనికి పోయేవాళ్లు ఎక్కువ. వాళ్ల ఆర్డీలే ఎక్కువగా తెగిపోతాయి. నియమం ఇది. నెల పదిహేనో తేదీలోగా తెరిచిన ఆర్డీకి ప్రతి నెలా పదిహేనులోగా, ఆ తరవాత తెరిచినదానికి నెలలో చివరి పనిదినంలోగా కట్టాలి. తప్పితే వందకి నెలకో రూపాయి జరిమానా. నాలుగు వాయిదాలు తప్పితే ఖాతా ఆగిపోతుంది. నాలుగో తప్పు నుంచి రెండు నెలల్లోగా బతికించుకోకపోతే ఇక అందులో డబ్బు వేయడం కుదరదు.

వెళ్లేముందే ముందస్తుగా కట్టిస్తే ఈ బాధ ఉండదు, పైగా లాభం. ఆరు వాయిదాలు ఒకేసారి కడితే నెల వాయిదాలో ప్రతి వందకి 10 రూపాయలు, పన్నెండు కడితే ప్రతి వందకి 40 రూపాయలు తగ్గింపు ఇస్తారు. నెలకి 500 కట్టే మనిషి ఏడాదిది 6,000కి బదులు 5,800 కట్టి నిశ్చింతగా రైలెక్కొచ్చు. పండగకి వచ్చినవాళ్లు తిరిగి బయల్దేరే వారంలో బీపీఎం చెప్పాల్సిన మొదటి మాట ఇదే.

బీమా పాలసీకి కూడా గడువు గుర్తుంచుకోవాలి. మూడేళ్లు నిండని పాలసీ ఆరు నెలల బకాయికి, మూడేళ్లు నిండింది పన్నెండు నెలల బకాయికి పడిపోతుంది.

టపా: రెండు రాష్ట్రాల పిన్‌లు

పర్లాకిమిడి, పాతపట్నం ఎంత దగ్గరో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీనులో కొంత అటు, కొంత ఇటు అయింది. బంధుత్వాలు మాత్రం విడిపోలేదు, ఉత్తరాలూ ఆగలేదు. తపాలా దృష్టిలో ఇవి రెండు వేర్వేరు సర్కిళ్లు. పిన్ మొదటి అంకె ఒడిశాకి 7, ఆంధ్ర, తెలంగాణలకి 5, మహారాష్ట్రకి 4. పర్లాకిమిడి 761200, పాతపట్నం 532213, ఇచ్ఛాపురం 532312, బరంపురం 760001, రాయగడ 765001.

ఎక్కువగా జరిగే తప్పు ఇది. పాతపట్నం మండలంలో ఊరి పేరు రాసి, “వయా పర్లాకిమిడి” అని పెట్టి 761200 వేస్తారు. సార్టింగ్‌లో పిన్‌నే చూస్తారు కాబట్టి కవరు పర్లాకిమిడి చేరి, అక్కడ నుంచి దారి మళ్లి, రెండు మూడు రోజులు ఆలస్యంగా వెళ్తుంది. “వయా” మాట పూర్తిగా మానెయ్యండి. రెండో తప్పు భాషది. ఒడిశా సార్టింగ్‌లో తెలుగు చదివేవాళ్లు ఎప్పుడూ ఉంటారని చెప్పలేం. ఒడియా అంకెల్లో రాసిన పిన్ ఆంధ్రలో అర్థం కాదు. ఊరి పేరు తెలుగులో రాసినా, కింద చేరే పట్టణం, జిల్లా, రాష్ట్రం ఇంగ్లిషు అక్షరాల్లో, పిన్ మామూలు అంకెల్లో రాయించండి. ఫోన్ నంబరు కూడా.

2025 నుంచి రిజిస్టర్ పోస్టు విడిగా లేదు, స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. జనం ఇంకా “రిజిస్టర్ చెయ్యి బాబూ” అనే అడుగుతారు. చిరునామాదారు చేతికే ఇవ్వాలంటే స్పీడ్ పోస్టు మీద అదనంగా 5 రూపాయలు, దాని మీద జీఎస్టీ కట్టించుకుని రిజిస్ట్రేషన్ పెట్టాలి. 2025 అక్టోబర్ 1 ధరల ప్రకారం 50 గ్రాముల దాకా స్థానికంగా 19, మిగతా ఎంత దూరమైనా 47. 51 నుంచి 250 గ్రాములకి స్థానికం 24, 200 కిలోమీటర్ల దాకా 59. అందుకే తూకం దగ్గర జాగ్రత్త. భూమి కాగితాలో సర్టిఫికెట్లో పెట్టిన కవరు 52 గ్రాములు తూగితే మనిషికి 12 రూపాయలు, జీఎస్టీ ఎక్కువ పడుతుంది. మందపాటి కవరు తీసి పలచటిది వేయిస్తే తగ్గుతుంది. అలా ఆదా చేయించిన మనిషి రెండోసారి మీ బ్రాంచికే వస్తాడు.

మార్చి నెల

మార్చి 8 దగ్గరే పని మొదలవుతుంది. ఒడిశాలో 21 నుంచి 60 ఏళ్ల మహిళలకి సుభద్ర పథకం కింద ఏడాదికి 10,000 రూపాయలు రెండు విడతలుగా వస్తుంది: రాఖీ పున్నమికి 5,000, మహిళా దినోత్సవానికి 5,000. ఆ వారంలో వేలిముద్ర వేసి నగదు తీసుకోవడానికి జనం బ్రాంచికే వస్తారు. నలభై మంది తలా రెండు వేలు తీసినా 80,000 కావాలి. ఇది సాధారణంగా బ్రాంచికి అనుమతించిన నగదు పరిమితికి మించి ఉంటుంది. నాలుగు రోజుల ముందే అంచనా వేసి డైలీ అకౌంట్ మీద నగదు అడగండి, ఎందుకు కావాలో లయబిలిటీల కింద, అంటే చెల్లించాల్సినవాటి కింద, సంఖ్యతో సహా రాయండి. “నగదు పంపండి” అని ఊరికే రాస్తే సబ్ ఆఫీసులో కూడా కొరత ఉన్న ఆ వారంలో మీ అడుగు చివరికి పోతుంది. “పాతికమంది, సుమారు 50,000” అని రాస్తే పంపడానికి వాళ్ల దగ్గర ఆధారం ఉంటుంది. ఒక్కో పేటని ఒక్కో రోజు రమ్మంటే రద్దీ తగ్గుతుంది. బ్రాంచిలో ఒక ఖాతాలోంచి రోజుకి 20,000 మించి ఇవ్వకూడదు, నగదు జమ 50,000 మించి పుచ్చుకోకూడదు. అంతకన్నా ఎక్కువైతే సబ్ ఆఫీసుకి పంపండి.

అదే సమయంలో జీడిమామిడి పంట డబ్బు ఊళ్లోకి రావడం మొదలవుతుంది. తీసేవాళ్లతో పాటు వేసేవాళ్లూ ఉంటారు. జమలు పొద్దున, చెల్లింపులు మధ్యాహ్నం పెట్టుకుంటే పైనుంచి వచ్చే నగదు మీద ఆధారం సగం తగ్గుతుంది.

మార్చి 15 నుంచి 25 దాకా ఈ నాలుగు జాబితాలు పట్టుకుని తిరగాలి.

పొదుపు ఖాతా: ఏడాది చివరికి 500 కన్నా తక్కువుంటే 50 రూపాయలు కోస్తారు, నిల్వ సున్నా అయితే ఖాతా దానంతటదే మూసుకుపోతుంది. 470 ఉన్న పుస్తకంలో 30 రూపాయలు వేయిస్తే ఒక ఖాతా నిలుస్తుంది. మీ జాబితాలో అన్నిటికన్నా చవకైన పని ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే.

సుకన్య సమృద్ధి: ఏడాదికి కనీసం 250. తప్పితే ఆ 250తో పాటు ఏడాదికి 50 జరిమానా. సంఘం సమావేశంలో అడిగితే పది పుస్తకాలు ఒక్కరోజులో తేలిపోతాయి.

పీపీఎఫ్: కనీసం 500, గరిష్ఠం లక్షన్నర. తప్పిన ఏడాదికి 500, దాని మీద 50.

లావాదేవీ లేకుండా మూడేళ్లు నిండబోతున్న పొదుపు ఖాతాలు: పది రూపాయలు వేసినా చాలు, నిద్రపోవు.

చెక్కులు మార్చి చివరి వారంలో ఇవ్వొద్దని ఖాతాదారులకి ముందే చెప్పండి. చెక్కు ఇచ్చిన తేదీ కాదు, అది చెల్లి డబ్బు పడిన తేదీయే జమ తేదీ. 29న ఇచ్చిన చెక్కు ఏప్రిల్‌లో చెల్లితే ఆ పాప సుకన్య ఖాతా ఈ ఏడు తప్పినట్టే.

31వ తేదీ

కొండ ఊళ్లలో సిగ్నల్ సాయంత్రానికి ఎలా ఉంటుందో చెప్పలేం. యంత్రంలో ఎక్కించింది సర్వరుకి చేరేదాకా లావాదేవీ పూర్తయినట్టు కాదు. ఆ రోజు జమలన్నీ మధ్యాహ్నంలోగా ముగించెయ్యండి.

లెక్క ఇలా మూయాలి. పొద్దున నిల్వ: నగదు 18,240, బిళ్లలు 1,260, మొత్తం 19,500. ఆ రోజు వచ్చినవి: పొదుపు 14,500, ఆర్డీ 6,200, బీమా ప్రీమియం 1,850, మొత్తం 22,550. ఇచ్చినవి: ఖాతాల్లోంచి 9,000, మనీయార్డరు 4,000, మొత్తం 13,000. బ్యాగులో అకౌంట్ ఆఫీసుకి పంపిన నగదు 15,000. మిగలాల్సింది 14,050. అరవై రూపాయల బిళ్లలు అమ్ముడైతే బిళ్లలు 1,200, నగదు 12,850 ఉండాలి. నోట్లు విలువల వారీగా కట్టి, చిల్లర విడిగా లెక్కపెట్టి, బిళ్లలు ఒక్కొక్కటీ చూసి, అప్పుడే సంతకం పెట్టండి.

తేడా వస్తే గాభరాపడి మళ్లీ మొదట నుంచి కూడకండి. ముందు తేడాను 9తో భాగించి చూడండి. సరిగ్గా పోతే ఎక్కడో రెండు అంకెలు తారుమారై ఉండొచ్చు: 650ని 560గా రాస్తే తేడా 90. పోకపోతే తేడాను సగం చెయ్యండి. తేడా 4,000 అయితే 2,000 మొత్తం జమకి బదులు ఖర్చులోనో, ఖర్చుకి బదులు జమలోనో పడిందేమో వెతకండి. రెండూ కాకపోతే పాస్‌బుక్కులో రాసి యంత్రంలో ఎక్కించనిదో, యంత్రంలో రెండుసార్లు ఎక్కిందో అయి ఉంటుంది, రసీదులు వరసపెట్టి చూడాలి. దొరకని తేడాను సొంత డబ్బుతో పూడ్చి ఊరుకోవద్దు, మిగులును జేబులో వేసుకోవద్దు. తేడాను తేడాగానే రాసి అదే రోజు సబ్ పోస్టుమాస్టరు గారికి చెప్పాలి. సరిచేసుకోవడానికి దారి అదొక్కటే. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారికి పెట్టెలో లెక్కకి మించిన డబ్బు దొరికినా తప్పే.

ఏప్రిల్ 1న బ్యాంకులు వార్షిక లెక్కల కోసం జనానికి మూసి ఉంటాయి. ఒడిశాలో ఆ రోజే ఉత్కళ దివస్ కూడా. బ్యాంకు నుంచి నగదు తెచ్చుకునే సబ్ ఆఫీసు ఆ రోజు మీకు పంపలేకపోవచ్చు. పెద్ద చెల్లింపులేవైనా ఉంటే 30వ తేదీనాటికే నగదు తెప్పించుకోండి, లేదా ఖాతాదారుకి ఏప్రిల్ 2 తరవాత రమ్మని ముందే చెప్పండి.

ఏప్రిల్ మొదటి వారం

ఐదో తేదీలోగా పీపీఎఫ్‌లో వేస్తే ఆ నెల వడ్డీ వస్తుంది, ఎందుకంటే ఐదో తేదీ ముగిసినప్పటి నుంచి నెలాఖరు దాకా ఉన్న కనిష్ఠ నిల్వ మీదే వడ్డీ. లక్షన్నర ఒకేసారి వేసే టీచరు గారు ఐదుకి బదులు ఆరున వేస్తే 7.1 శాతం లెక్కన 887 రూపాయల 50 పైసలు పోగొట్టుకున్నట్టు. పొదుపు ఖాతాలో పదో తేదీ నుంచి నెలాఖరు దాకా కనిష్ఠ నిల్వ చూస్తారు. ఆ మధ్యలో 500 కిందికి దిగితే ఆ నెల వడ్డీ లేదు.

వృద్ధుల డిపాజిట్లున్నవాళ్లు వడ్డీ మీద పన్ను కొయ్యొద్దన్న డిక్లరేషన్ ప్రతి ఏడూ కొత్తగా ఇవ్వాలి. నిరుడు ఇచ్చింది ఈ ఏడు పనికిరాదు.

పాస్‌బుక్కుల్లో వడ్డీ వేయించే పనీ ఈ వారంలోనే మొదలుపెట్టాలి. ఊరంతటి పుస్తకాలు ఒకేసారి పోగెయ్యకండి. బ్యాగుకి పది పదిహేను, ప్రతిదానికీ రసీదు, తిరిగొచ్చాక సంతకం తీసుకుని ఇవ్వడం. అంతా అయ్యాక నోటుబుక్కులో పన్నెండు పేజీలు కూడి, ఆఖరి పేజీలో నాలుగు అంకెలు రాయండి: ఖర్చు, సొంత రాబడి, నడుస్తున్న ఖాతాలు, ఈ ఏడు మేల్కొల్పిన ఖాతాలు. బ్రాంచికి ఏడాదికోసారి జరిగే తనిఖీలో ఇన్‌స్పెక్టరు గారి ముందు పెట్టాల్సింది ఆ పేజీయే.

పోస్టాఫీసు లేని ఊళ్లు

కొత్త బ్రాంచి అడగాలంటే ఊరంతా సంతకాలు పెట్టిన అర్జీ ఒక్కటే చాలదు, అంకెలుండాలి. దగ్గర్లోని పోస్టాఫీసుకి కనీసం 3 కిలోమీటర్ల దూరం. మామూలు ప్రాంతమైతే ఆ ఊళ్ల గుంపులో 3,000 జనాభా. కొండ, గిరిజన ప్రాంతమైతే ఒక్క ఊరికి 500 లేదా ఊళ్ల గుంపుకి 1,000. పైన చెప్పిన రాబడి శాతం. జనాభాకి సెన్సస్ అంకె, దూరానికి రోడ్డు దూరం రాయండి, కాలిబాట దూరం కాదు. వర్షాకాలంలో గెడ్డ పొంగి దారి తెగితే ఎన్ని నెలలు తెగుతుందో, ఆ నెలల్లో పింఛను కోసం జనం ఎక్కడికి ఎలా వెళ్తున్నారో రాయండి. ఖాతా తెరుస్తామని ముందుకొచ్చే కుటుంబాల పేర్లతో ఒక జాబితా, ఆఫీసుకి గది ఇస్తామన్న ఒక ఇంటివాళ్ల ఒప్పుకోలు జతచెయ్యండి. అర్జీ ఒడియాలోనో ఇంగ్లిషులోనో ఉంటే మధ్యలో ఆగదు, తెలుగు ప్రతి ఊరి దగ్గర ఉంచుకోండి. డివిజన్ సూపరింటెండెంట్ గారికి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు మీదున్న నంబరుతో చేరిందో లేదో చూసుకుని, ఆ రసీదును పంచాయతీ ఫైల్లో అతికించండి.